రెండు ప్రతులు, ఒక్క పెత్తనము

నేడు మన పట్టాభూముల వివరములును, బ్యాంకు లెక్కలును కంప్యూటర్లలోని డేటాబేసులయందే యున్నవి. ఒక సర్వరు చెడినను పని నిలువకుండుటకై దాని వ్రాతలకు వేరొక సర్వరునందు నకలు నుంచుచున్నారు. ఇంతమాత్రముననే నిశ్చింతగా నుండవచ్చునని పలువురి నమ్మకము. అది సరికాదని మేము చెప్పవలసియున్నది.

2018 అక్టోబరు 21వ తేదీన అమెరికాలోని గిట్‌హబ్ సంస్థకు జరిగినదేమి? తూర్పుతీరమున చెడుచున్న పరికరమొకటి మార్చుచుండగా సంబంధము 43 సెకండ్లు తెగెను. అంతట పర్యవేక్షణ ప్రోగ్రాములు తమలో అధికసంఖ్య యంగీకారముతో పశ్చిమతీరపు సర్వర్లకు పెత్తన మొసగినవి. కాని తూర్పున వ్రాయబడిన కొన్ని పద్దులు పడమటికి చేరియుండలేదు. పడమట క్రొత్త పద్దులు పడనారంభించెను. రెండు ఖాతాలును నిజమే, రెండును అసమగ్రములే. సేవలు యథాస్థితికి వచ్చుటకు 24 గంటల 11 నిమిషములు పట్టెను.

వోటువలన నాయకుడేర్పడును గాని, చేరని పద్దు చేరదు. పద్దు రెండు డిస్కులయందును పడిన పిదపనే రసీదిచ్చు పద్ధతి డి.ఆర్.బి.డి. వంటి సాధనములలో కలదు. దూరము పెరిగినకొలది జాప్యమును పెరుగును. ఒకే డిస్కును పెక్కు సర్వర్లు పంచుకొను జి.ఎఫ్.ఎస్.2 వంటి యేర్పాటులలో, పలుకని సర్వరును ముందు వెలివేసి, పిదపనే పని సాగింతురు.

కావున అధికారులను ఎన్ని నకళ్లున్నవని యడుగుట చాలదు. నకలు ఎంత వెనుకబడియున్నది? తీగ తెగిన నాడు పెత్తన మెవ్వరిది? ఆ తీగను తామే తెగవిడిచి యెన్నడైన పరీక్షించిరా? ఈ మూడింటికిని జవాబు లేనిచో, ఆ రెండవ నకలే రేపటి వ్యాజ్యమునకు మూలమగును.