బాలింత నడుము – ఇంటి బరువు

విత్తనములను గూర్చియు, ఎరువులను గూర్చియు వ్రాయుచుండు మేము ఈ నెల బాలింత నడుమును గూర్చి వ్రాయబూనుట చూచి, ఇదేమి వింత యని కొందఱు సభ్యులు తలంపవచ్చును. ఇందు వింత యేమియు లేదు. గుత్తి ప్రాంతపు మెట్టసేద్యములో సగము పని ఆడువారి నడుము మీదనే నడచుచున్నది. కలుపు తీయువారు వారు. వేరుశనగ చెట్లు పెరికిన పిదప దినమంతయు కూర్చుండి కాయలు త్రెంచువారు వారు. ఇల్లు చేరిన తరువాత నీళ్లు మోయుట, పేడ యెత్తుట, సంకటి కెలకుట వారిదే. ఎద్దు కుంటినచో పశువైద్యునికొఱకు పరుగెత్తుదుము. ఇల్లాలి నడుము పట్టుకొన్నచో, "కాన్పయిన ఆడుదానికి నడుమునొప్పి రాక మానునా?" యని త్రోసివేయుదుము. ఇది సేద్యపు లెక్కకును సరిపడదు, ధర్మమునకును సరిపడదు.

ఈ మాట నేడు ముఖ్యముగా చెప్పవలసియున్నది. కడుపు కోసి బిడ్డను తీయుట ఒకప్పుడు తల్లి ప్రాణముపై ఆశ వదలుకొని చేయు పని. 1882లో జర్మనీ దేశపు వైద్యుడు మాక్స్ సేంగర్ గర్భసంచిని చక్కగా కుట్టు పద్ధతిని ప్రకటించిన పిదప, తల్లియు బిడ్డయు బ్రదుకు దారి యేర్పడినది. మన జనులు దీనిని "పెద్ద ఆపరేషను" అందురు. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ననుసరించి, దేశము మొత్తము మీద నూటికి 21కి పైబడియు, ఆంధ్రప్రదేశమున 42కి పైబడియు, తెలంగాణమున 60కి పైబడియు కాన్పులు ఈ విధముగనే జరిగినవి. జనసంఖ్య మొత్తము మీద చూచినప్పుడు, నూటికి పదికి మించిన కోతలవలన తల్లుల మరణములుగాని శిశువుల మరణములుగాని మఱింత తగ్గినట్లు కనబడలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2015లో తెలిపిరి. ముహూర్తము చూచి కోయించువారును మనలో లేకపోలేదు. ఆ చర్చ వేఱు. కోత అవసరమైనదో కాదో గాని, కోసిన కడుపు మాత్రము నిజము. ఆ తల్లి ఇల్లు చేరిన తరువాత మనమేమి చేయుచున్నాము? ఇదియే మా ప్రశ్న.

ముందుగా నొప్పి యేల వచ్చునో తెలిసికొనవలెను. నడుమును నిలుపునవి వెన్నెముక వెంటనున్న కండలు మాత్రమే కావు. ముందు కడుపు కండలు, వెనుక వీపు కండలు, ఈ రెండును ఒక కాడికి కట్టిన జత యెద్దులవంటివి. గర్భము పెరుగునప్పుడు కడుపు కండలు సాగి, నడిమికి పాయలుగా విడివడి పలుచబడును. కాన్పు సులభమగుటకై కటిప్రదేశపు కీళ్లు వదులగును; ఆ వదులు బిడ్డ పుట్టిన మఱునాడే బిగిసిపోదు. దీనికి తోడు ఆపరేషనులో చర్మము, క్రొవ్వు, దాని క్రింది గట్టి పొర, గర్భసంచి, ఇన్నిటిని కోసి కుట్టుదురు. కడుపు కండలను సాధారణముగా కోయక ప్రక్కలకు త్రోసి దారి చేసికొందురు. అయినను గాయపు నొప్పిచే అవి కొన్నాళ్లు సరిగా పనిచేయవు. జతలో ఒక యెద్దు కూలబడినచో కాడి బరువంతయు రెండవదాని మెడపై పడును గదా. అట్లే బాలింత వీపు కండలు రెండింటి పనియు చేయవలసి వచ్చును.

పైకి చర్మపు కుట్టు పది దినములలో ఆరినట్లు కనబడును. అంతటితో ఇంటివారు "గాయము మానినది, ఇక పని చేయవచ్చును" అని తలంచుచున్నారు. లోపలి గట్టి పొర పూర్వబలము పొందుటకు నెలలు పట్టును. ఒక జల్లు పడి పైమన్ను తడిసినంత మాత్రమున పదును దిగినదని మెట్టరైతు నమ్మడు. జానెడు త్రవ్వి చూచును. బాలింత కడుపు విషయమునను ఆ వివేకమే కావలెను.

ఇక పల్లెలలో తఱచుగా వినబడు మాట యొకటి కలదు: "వెన్నులో సూది పొడిచినారు, అప్పటినుండి నడుము పోయినది." ఈ సూదిమందు పద్ధతిని 1898లో జర్మనీ వైద్యుడు ఆగస్టు బియర్ శస్త్రచికిత్సలో ప్రవేశపెట్టెను. వెన్నుపాము నడుము పైభాగముననే ముగియును. సూదిని దానికి దిగువ గుచ్చుదురు. గుచ్చిన చోట కొలది దినములు సలుపుండుట సహజము. ఏండ్ల తరబడి వచ్చు నడుమునొప్పికి ఈ సూదియే కారణమని వైద్య పరిశోధనలలో తేలలేదు. సూది వేయించుకొనని తల్లులకును కాన్పు తరువాత నడుమునొప్పి వచ్చుచునే యున్నది.

ఈ నమ్మకమును మేము పనిగట్టుకొని ఖండించుటకు కారణమున్నది. దోషము సూదిపై మోపినచో, ఇక చేయగలిగినదేమియు లేదని ఇంటివారు ఊరకుందురు. జరిగిన సూదిని ఎవరును వెనుకకు తీయలేరు. కాని బిందెను దింపవచ్చును, మంచమును బిగించవచ్చును, ఊయలను పైకి కట్టవచ్చును. నొప్పికి నిజమైన కారణములు చాలవఱకు మన ఇంటిలోనే యున్నవి. అందుచే మందును మన చేతిలోనే యున్నది.

ఆ కారణములలో మొదటిది నీటి బరువు. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బ్రదుకు సీమ మనది. కుళాయిలు వచ్చిన ఊళ్లలో సైతము, వేసవిలో బోరు ఎండిన దినమున బిందెయే గతి. లీటరు నీరు కిలో తూగును. పదునైదు లీటర్ల బిందె బిందె బరువుతో కలిసి పదునైదు కిలోలు దాటును. ఆపరేషనైన తల్లి సుమారు ఆరు వారములు తన బిడ్డకంటె బరువైనది ఎత్తరాదని వైద్యులు చెప్పుదురు. అప్పుడే పుట్టిన బిడ్డ సుమారు మూడు కిలోలుండును. అనగా ఒక్క బిందె అయిదుగురు బిడ్డల బరువు! నూతిలో చేద తోడుట, నిండు గంగాళమును దింపుట ఇంతకంటెను కీడు, ఏలయన అందు కడుపు పొరలపై ఒక్కసారిగా ఒత్తిడి పడును.

రెండవది మంచము. నులక వదులై తొట్టివలె దిగిన మంచములో పండుకొన్నచో వెన్ను విల్లువలె వంగియుండును. లేచునప్పుడు కడుపు కండలతో పెనుగులాడవలెను. నులకను బిగించుటకు ఖర్చేమియు లేదు, పూటపని. లేదా గట్టి చెక్కబల్లపై పఱుపు వేయవచ్చును. మూడవది ఊయల. నేలకు జానెడెత్తున కట్టిన ఊయలలో బిడ్డను దింపుటకు, ఎత్తుటకు తల్లి దినమునకు ఎన్ని మారులు వంగునో లెక్కించి చూడుడు. నడుమెత్తున కట్టినచో ఆ వంగుట తప్పును. గట్టి త్రాడు, గట్టి దూలము మాత్రము చూచుకొనవలెను. నాలుగవది నేలమీది పని. వంగి ఊడ్చుట, ముగ్గు పెట్టుట, గొంతుకూర్చుండి బట్టలుతుకుట మొదలగునవి తొలి వారములలో ఇతరులు చేయవలెను. పురిటి స్నానమునకును తల్లిని వంచి కూర్చుండబెట్టక, ఎత్తైన పీటపై కూర్చుండబెట్టి నీరు పోయుడు.

విశ్రాంతి యనగా మూల గదిలో కదలక పడియుండుట కాదు. వైద్యులు అనుమతించినంతనే, సాధారణముగా ఒక దినములోపలనే, లేచి మెల్లగా నడచుట మేలు. నడకవలన కాళ్లలో రక్తము గడ్డకట్టు భయము తగ్గును, నడుము బిగిసిపోదు. బరువు మోయరాదు, నడక మానరాదు అను ఈ రెండు మాటలను ఇంటి పెద్దలు వేఱువేఱుగా గుర్తుంచుకొనవలెను.

లేచు తీరు నేర్వవలెను. వెల్లకిల పండుకొన్నచోటినుండి నేరుగా లేవరాదు. మోకాళ్లు ముడిచి, భుజమును నడుమును ఒక్కటిగా ప్రక్కకు దొరలించి, కాళ్లను మంచము క్రిందికి దించుచు, చేతి ఊతముతో లేవవలెను. దగ్గినను, తుమ్మినను, నవ్వినను కుట్టుపై చిన్న దిండు అదిమి పట్టుకొన్నచో నొప్పి తగ్గును. పాలిచ్చునప్పుడు గోడకు వీపు ఆనించి, నడుము వెనుక మడిచిన దుప్పటి యుంచి, బిడ్డ క్రింద దిండు పెట్టి, బిడ్డను రొమ్మునకు తేవలెనే గాని రొమ్మును బిడ్డకొఱకు వంచరాదు. రాత్రివేళ ప్రక్కకు తిరిగి పండుకొని, మోకాళ్ల నడుమ దిండు పెట్టుకొన్నచో నడుమునకు సుఖముగా నుండును.

వైద్యుని యడిగిన పిదప ఒక సులభమైన వ్యాయామము చేయవచ్చును. మోకాళ్లు ముడిచి వెల్లకిల పండుకొని, ఊపిరి విడుచుచు నడుమును పడకకు మెల్లగా ఒత్తి, అయిదు లెక్కపెట్టి వదలవలెను. దినమునకు రెండు మూడు తడవలు, తడవకు పదిమార్లు చాలును. నొప్పి హెచ్చినచో మానవలెను. నడుమునకు గోరువెచ్చని కాపడము మంచిది. కుట్టు మీద మాత్రము పెట్టరాదు. అవ్వలు చుట్టు నడికట్టు తొలి దినములలో కొంత ఊఱట నిచ్చును. ఊపిరాడనంత బిగువు తగదు. అది ఊతకఱ్ఱ వంటిదే గాని, సాగిన కండలకు బలము నిచ్చు మందు కాదు.

పథ్యమను పేర ఆకుకూర, పప్పు, పాలు, గ్రుడ్డు మాన్పించి, నీళ్లు సైతము కొలిచి పోయు ఆచారము మానవలెను. మన రాష్ట్రమున స్త్రీలలో సగముకంటె నెక్కువమందికి రక్తహీనత యున్నట్లు పై సర్వేయే చెప్పుచున్నది. రక్తము లేని దేహమున గాయము మెల్లగా మానును, కండ త్వరగా అలయును. ఆసుపత్రివారిచ్చిన ఇనుము మాత్రలు విడువక మ్రింగవలెను. నొప్పికి వైద్యుడు వ్రాసిన మాత్రలు వాడిన పాలు చెడునను భయము వలదు. పాలిచ్చు తల్లికి తగిన మందునే ఆయన వ్రాయును. అంగడిలో అడిగి కొన్న మాత్రలు, ఊరిలో ఎవరో వేయు సూదులు వలదు.

కొన్ని గుర్తులు కనబడినచో ఇంటి వైద్యము మాని వెంటనే ఆసుపత్రికి పోవలెను. జ్వరము, కుట్టు ఎఱ్ఱబాఱుట, చీము కారుట, అధిక రక్తస్రావము, ఒక్క పిక్క వాచి నొప్పిపెట్టుట, ఊపిరి అందకుండుట, కూర్చున్నంతనే తల పగిలినట్లు నొప్పి, పండుకొన్న తగ్గుట, కాళ్లు బలహీనమగుట, తిమ్మిరి, మలమూత్రములపై అదుపు తప్పుట. వీనిలో ఏది కనబడినను "తెల్లవారనిమ్ము" అనరాదు. 108కి ఫోను చేయవలెను. ఆరు వారములు దాటినను నడుమునొప్పి తగ్గనిచో అది స్త్రీజన్మపు వ్రాత యనుకొనక వైద్యునికి చూపవలెను.

"ఇవన్నియు బాగుగానే యున్నవి, సుగ్గి నెత్తిమీద నున్నప్పుడు ఇంటిలో వేఱొక మనిషి యేడీ?" అని సభ్యులు అడుగుదురు. ఈ ప్రశ్న తేలికైనది కాదు. వానలు తప్పిన యేట మగవారు బెంగుళూరికి కూలికి పోయియుందురు, అత్తగారు ముసలిది. కాని లెక్క చూడుడు. ఆరు వారములనగా నలువదిరెండు దినములు. ఆ దినములు దాచుకొనబోయి, నడుము శాశ్వతముగా చెడినచో పోవునవి ఏండ్లు. మెడ పుండుపడిన ఎద్దును మనము కాడికి కట్టము. జాలిచే మాత్రమే కాదు, వచ్చు కారుకు ఎద్దు కావలెనను ఎఱుకచేత. ఉద్యోగినులకు 2017 నాటి సవరణచే మొదటి యిద్దఱు బిడ్డల కాన్పులకు 26 వారముల సెలవు ఏర్పడినది. రైతు భార్యకు అట్టి సెలవు వ్రాసియిచ్చు అధికారి యెవరును లేడు. ఆమె భర్తయు, అత్తయు, ఇరుగుపొరుగులే ఆ సెలవు నీయవలెను.

ఇచ్చటనే సహకారము కావలెను. 1904లో మన దేశమున సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది. ఒక్కడు మోయలేని అప్పు బరువును పదిమంది కలిసి మోయుటయే దాని మూలసూత్రము. బిందె బరువునకు ఆ సూత్రము చెల్లదా? సంఘసభ్యులకు మేము మూడు సూచనలు చేయుచున్నాము. మొదటిది, సభ్యుని యింట ఆపరేషను కాన్పయినప్పుడు ఆ వీధివారు వంతులు వేసికొని ఆరు వారములు నీళ్లు చేర్చుట. పొలమున బదులుపని చేసికొను మనకు ఇది క్రొత్త గాదు. రెండవది, సంఘము పక్షమున ఒక చక్రముల నీటిబండిని కొని, అవసరమైన యింటికి పంపుట. మూడవది, ప్రతి మగవాడును తన యింట బిందె మోయుటకు సిగ్గుపడకుండుట. ఇందు మూడవది మిక్కిలి చౌక. మిక్కిలి కష్టమును అదియే యని మాకు తోచుచున్నది.

భూమికి సైతము ఒక కారు బీడు విడుచుట మంచిదని పెద్దలెఱుగుదురు. పంట నిచ్చిన నేలకు ఇచ్చు విరామమును, బిడ్డ నిచ్చిన తల్లికి ఈయలేమా? రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ సూచనలను చర్చకు తెచ్చి, ఒక్క వీధిలోనైనను వంతుల పద్ధతిని ఆరంభింపవలెనని సభ్యులను కోరుచున్నాము.