బోనులో మితభాషణం, తెరపై పూర్తి కథనం: నిందితుల వైపు నుంచి నేర డాక్యుమెంటరీలు

హత్య కేసు విచారణ ముగియకముందే నిందితురాలు కెమెరా ముందు కూర్చుని తన కథను తానే చెప్పుకోవచ్చా? 2024 ఫిబ్రవరిలో బాంబే హైకోర్టు ముందుకు వచ్చిన వివాదం ఇదే. షీనా బోరా హత్య కేసులో విచారణ ఎదుర్కొంటున్న ఇంద్రాణీ ముఖర్జియాపై తీసిన డాక్యుమెంటరీ సిరీస్ ‘బరీడ్ ట్రూత్’ను నిలిపివేయాలని సీబీఐ కోరింది. ప్రత్యేక కోర్టు తిరస్కరించడంతో హైకోర్టును ఆశ్రయించింది. ఫిబ్రవరి 23న నెట్‌ఫ్లిక్స్‌లో రావలసిన సిరీస్‌ను న్యాయమూర్తులు ముందుగా చూశారు. ప్రాసిక్యూషన్‌కు హాని కలిగించే అంశమేదీ కనిపించలేదంటూ పిటిషన్‌ను కొట్టివేశారు. 29న సిరీస్ విడుదలైంది.

హైకోర్టు నిర్ణయానికి గట్టి నేపథ్యమే ఉంది. 2012 ఏప్రిల్‌లో ఈ హత్య జరిగిందన్నది సీబీఐ ఆరోపణ. 2015 ఆగస్టులో అరెస్టయిన ఇంద్రాణి ఆరున్నరేళ్లకు పైగా జైలులో గడిపిన తరువాత 2022 మేలో సుప్రీంకోర్టు బెయిల్ మంజూరు చేసింది. ఆరోపణలను ఆమె మొదటి నుంచీ ఖండిస్తున్నారు. అరెస్టు నాటి నుంచి వార్తా ఛానళ్లు దర్యాప్తు వర్గాల పేరిట వెలువడిన కథనాలను రాత్రింబవళ్లు ప్రసారం చేశాయి. ఆ దశలో నిందితురాలికి ఛానల్ స్టూడియోలో చోటు లేదు. ఒక పక్షం చెప్పింది ఏళ్ల తరబడి వినిపించాక, రెండో పక్షం నోరు విప్పగానే విచారణకు ముప్పు వచ్చిందనడం నిలిచే వాదన కాదు.

అయితే కోర్టులో చెప్పే మాటకూ, తెరపై చెప్పే మాటకూ మౌలికమైన తేడా ఉంది. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పాలని నిందితులను బలవంతం చేయరాదని రాజ్యాంగంలోని 20(3) అధికరణం చెబుతోంది. న్యాయమూర్తి అడిగే ప్రశ్నలకు వారు ప్రమాణం లేకుండానే బదులివ్వవచ్చు. స్వచ్ఛందంగా సాక్షిగా బోనెక్కితే మాత్రం క్రాస్ ఎగ్జామినేషన్‌కు సిద్ధపడవలసిందే. డాక్యుమెంటరీలో ఆ పరీక్ష లేదు. ఏ ప్రశ్న అడగాలో దర్శకులు, ఏ జవాబు ఉంచాలో ఎడిటర్లు నిర్ణయిస్తారు. కన్నీటికీ, మౌనానికీ నేపథ్య సంగీతం తోడవుతుంది. చూసేవారు దానినే వాంగ్మూలంగా భావించే ప్రమాదం ఇక్కడే ఉంది.

ఈ ఆందోళన కొత్తది కాదు. 1959లో నానావతి కేసులో ‘బ్లిట్జ్’ వారపత్రిక నిందితుడైన నౌకాదళ అధికారి పక్షాన బాహాటంగా నిలిచింది. 8–1 ఆధిక్యంతో జ్యూరీ ఆయనను నిర్దోషిగా పేర్కొంది. హైకోర్టు ఆ నిర్ణయాన్ని తోసిపుచ్చి శిక్ష విధించగా, 1961లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. నేడు జ్యూరీలు లేవు. తీర్పు చెప్పేది శిక్షణ పొందిన న్యాయమూర్తులే. కానీ సాక్షులు మాత్రం అందరిలాగే టీవీ చూసే మనుషులు. విచారణకు నిజంగా ముప్పు ఉందని తేలితే ప్రచురణను కొంతకాలం వాయిదా వేయించే అధికారం న్యాయస్థానాలకు ఉందని 2012లో సహారా కేసులో రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది. శాశ్వత నిషేధం కన్నా ఆ మార్గమే మేలు.

తమ కథ తెరకెక్కడాన్ని అందరూ కోరుకోరు. 2020లో ‘బ్యాడ్ బాయ్ బిలియనీర్స్’ సిరీస్‌పై సత్యం కంప్యూటర్స్ వ్యవస్థాపకుడు రామలింగరాజు హైదరాబాద్ కోర్టు నుంచి స్టే తెచ్చుకున్నారు. ఆ ఏడాది అక్టోబరులో ఆయన భాగం లేకుండానే సిరీస్ విడుదలైంది. తెరకెక్కడమైనా, దానిని అడ్డుకోవడమైనా స్తోమత ఉన్నవారికే సాధ్యమని ఈ ఉదంతాలు సూచిస్తున్నాయి.

ఎన్‌సీఆర్‌బీ 2022 గణాంకాల ప్రకారం దేశంలోని 5.73 లక్షల మంది ఖైదీలలో 4.34 లక్షల మంది విచారణ ఖైదీలే. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురు. వారిలో ఎందరి వాదన తెరకు చేరుతుంది?

మృతుల మాట మరీ దూరం. 2008 మేలో నోయిడాలో ఆరుషి హత్య వెలుగులోకి రాగానే పోలీసులు మొదట అనుమానించింది నేపాల్‌కు చెందిన పనిమనిషి హేమరాజ్‌ను. మరునాడు అదే ఇంటి డాబాపై అతని శవం దొరికింది. ఆరుషి తల్లిదండ్రులు జైలులో ఉండగానే, 2015లో, ఆ కేసు ఆధారంగా ‘తల్వార్’ సినిమా వచ్చింది. 2017లో అలహాబాద్ హైకోర్టు వారిని నిర్దోషులుగా విడుదల చేసింది. ఇన్ని కథనాల నడుమ హేమరాజ్ ఎవరు, అతని కుటుంబం ఏమైంది అన్న ప్రశ్నలు అంచుకే పరిమితమయ్యాయి.

నిందితుల మాట వినడం న్యాయభావనకు విరుద్ధం కాదు. పోలీసుల కథనమే అంతిమ సత్యం కాదని సమాజానికి గుర్తు చేసేది ఆ మాటే. నిర్మాతలు పాటించవలసిన నియమాలు కూడా కఠినమైనవేమీ కావు. కేసు ఏ దశలో ఉందో, తెరపై మాట్లాడినవారిలో ఎవరు సాక్షులో, ఎవరు మాట్లాడడానికి నిరాకరించారో ప్రేక్షకులకు తెలియజేయాలి. చనిపోయిన మనిషిని కేవలం కేసు పేరుగా మిగల్చకూడదు. ఆపైన నిజానిజాలు తేల్చవలసింది క్రాస్ ఎగ్జామినేషన్ జరిగే చోటే.