చలానాకి డిస్కౌంట్ ఉంది... పాయింట్లకి లేదు!

చలానా మెసేజ్ రాగానే మనలో చాలామంది చేసే పని ఒకటే. ఫొటో ఓపెన్ చేసి, 'అరే, మన బండే!' అనుకుని మూసేయడం. కట్టడానికి తొందరేముంది, డిస్కౌంట్ వస్తుందిగా! ఆ నమ్మకం ఊరికే రాలేదు లెండి. తెలంగాణలో 2022 మార్చిలో టూవీలర్ల పెండింగ్ చలానాల మీద 75 శాతం తగ్గించారు. 2023 డిసెంబర్‌లో 80 శాతం అన్నారు. ఆషాఢం సేల్ కోసం చూసినట్టు దీనికోసం కూడా చూడ్డం అలవాటైపోయింది.

నన్నడిగితే జరిమానా కంటే పాయింట్ల పద్ధతే మనిషిని కాస్త ఆపుతుంది. 2017 ఆగస్టు 1న హైదరాబాద్‌లో దాన్ని మొదలుపెట్టినప్పుడు లెక్క ఇలా పెట్టారు. హెల్మెట్ లేకపోతే 1 పాయింట్. రాంగ్ రూట్‌కి 2. తాగి బైక్ నడిపితే 3, కారైతే 4. 24 నెలల్లో 12 చేరితే ఏడాది పాటు లైసెన్స్ సస్పెండ్.

12 అంటే చాలా ఎక్కువ అనిపిస్తుంది కదా? లెక్కేయండి. యూటర్న్ దూరమని మూడుసార్లు రాంగ్ రూట్: 6. 'పక్క వీధికేగా' అని మూడుసార్లు హెల్మెట్ లేకుండా: 3. ఫ్రెండ్ పెళ్లి పార్టీ అయ్యాక ఒక్కసారి బైక్ తీశారు: 3. అయిపోయింది!

ఇందులో నాకు నచ్చింది ఒకటుంది. వెయ్యి రూపాయలు ఒకడికి టీ ఖర్చు, ఇంకొకడికి రెండ్రోజుల కూలీ. పాయింట్ అలా కాదు. కోటి రూపాయల కారైనా, సెకండ్ హ్యాండ్ బైకైనా 12 అంటే 12.

కానీ అక్కడే ఇంకో చిక్కుంది. లైసెన్స్ పోతే కారు ఓనర్ డ్రైవర్‌ని పెట్టుకుంటాడు. డెలివరీ కుర్రాడు, క్యాబ్ అన్న ఏం పెట్టుకుంటారు? వాళ్లకి లైసెన్సే ఉద్యోగం. రోజంతా రోడ్డు మీదే ఉంటారు కాబట్టి దొరికే అవకాశమూ వాళ్లకే ఎక్కువ. ఆర్డర్ లేటైతే తిట్లు అతనికే, తొందరలో రాంగ్ రూట్లో వస్తే పాయింటూ అతనికే.

అలాగని వదిలేయమంటానా? అస్సలు కాదు. రాంగ్ రూట్లో వచ్చే బండి ఎవరిదైనా, ఎదురుగా వచ్చేవాళ్ల ప్రాణం ఒకటే. నేననేది, తగ్గించుకునే దారి కూడా ఉండాలని. మనవాళ్లు బోలెడుమంది ఉండే న్యూజెర్సీనే చూడండి. అక్కడా 12 పాయింట్లకి లైసెన్స్ సస్పెండ్ చేస్తారు. కానీ ఏడాది పాటు ఏ తప్పూ లేకుండా నడిపితే 3 పాయింట్లు తీసేస్తారు. డిఫెన్సివ్ డ్రైవింగ్ కోర్సు చేస్తే ఇంకో 2. భయమూ ఉంది, బాగుపడితే ఫలితమూ ఉంది. రోడ్డు మీదే బతికేవాళ్లకి ఆ రెండోది చాలా అవసరం.

ఇక 'పాయింట్ల సంగతి తర్వాత చూద్దాం బ్రో' అనేవాళ్లకి రెండు ముక్కలు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 194డి చదవండి. హెల్మెట్ లేకుండా దొరికితే జరిమానాతో పాటు 3 నెలలు లైసెన్స్‌కి అనర్హత అని రాసి ఉంది. ఒక్కసారికే! రెండోది, సస్పెన్షన్‌లో ఉండగా బండి తీసి యాక్సిడెంట్ చేస్తే ఇన్సూరెన్స్ కంపెనీ చేతులెత్తేయొచ్చు. అనర్హుడైన డ్రైవర్‌కి కవర్ లేదని పాలసీలోనే ఉంటుంది. అవతలివాళ్లకి పరిహారం కంపెనీ కట్టినా, తర్వాత ఆ డబ్బు మన దగ్గరే వసూలు చేసుకోవచ్చు. అప్పుడు పోయేది చలానా డబ్బులు కాదు, ఇంట్లోవాళ్లు దాచుకున్న డబ్బులు.

లైసెన్స్ సంగతి సరే, ఆర్డర్ పెట్టే మన చేతిలోనూ ఓ పనుంది. ఈసారి బిర్యానీ కోసం మ్యాప్‌లో ఆ బైక్ బొమ్మనే చూస్తూ కూర్చున్నప్పుడు, 'ఎక్కడున్నావ్?' అని మూడోసారి ఫోన్ చేయకండి. 'లేటైనా పర్లేదు తమ్ముడూ, యూటర్న్ తీసుకునే రా' అని ఒక్క మెసేజ్ పెట్టండి. బిర్యానీ కాస్త చల్లారితే వేడి చేసుకోవచ్చు.