మిల్లు మూతపడింది.. మరి ఆ మట్టి సంగతేంటి?

కుకునూరుపల్లిలోనో, రాజీవ్ రహదారి వెంట ఇంకో ఊళ్లోనో ప్లాటు కొనాలనుకుంటే మీరు ఏమేం చూస్తారు? లింకు డాక్యుమెంట్లు, ఈసీ, వాస్తు, బోరులో నీళ్లు. మట్టిలో ఏముందని మాత్రం ఎవరూ అడగరు. ఒకప్పుడు మిల్లో, ఫ్యాక్టరీయో నడిచిన స్థలమైతే మొదట అడగాల్సిన ప్రశ్న అదే.

వరంగల్‌లో 1934లో మొదలైన ఆజంజాహీ బట్టల మిల్లు 2002లో మూతపడింది. ఆ భూముల్లో కొంత తర్వాత ఇళ్ల ప్లాట్లుగా మారింది. అక్కడి మట్టి చెడిపోయిందని చెప్పడం మా ఉద్దేశం కాదు. పాత మిల్లు జాగాలో ఇళ్లు కట్టేముందు పరీక్ష జరగాలన్నదే మా మాట.

నేలలో ఏం మిగులుతుంది?

నూలు వడికి, బట్ట నేసే చోట ముప్పు తక్కువ. అద్దకం జరిగిన చోటే చూసుకోవాలి. కొన్ని రంగుల్లో, వాటిని బట్టకు పట్టించే రసాయనాల్లో క్రోమియం, రాగి లాంటి లోహాలు ఉంటాయి. బెంజిడిన్‌తో తయారైన పాత రంగులకు మూత్రాశయ క్యాన్సర్‌తో సంబంధం ఉంది. బాయిలర్ బూడిద, పాత ట్రాన్స్‌ఫార్మర్ నూనె, ఆస్‌బెస్టాస్ ముక్కలు కూడా మట్టిలో కలిసి ఉండొచ్చు. లోహాలు కాలంతోపాటు కరిగి మాయమయ్యేవి కావు.

ముప్పు పిల్లలకే ఎక్కువ. మట్టిలో ఆడి, అదే చేతిని నోట్లో పెట్టుకుంటారు. సీసం కొద్దిగా ఒంట్లోకి చేరినా మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. రక్తంలో ఇంతవరకు ఉంటే ఫర్వాలేదని చెప్పగల మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది.

కొత్త నిబంధనలు ఏమంటున్నాయి?

కలుషిత స్థలాల నిర్వహణపై కేంద్రం 2025 జులైలో నిబంధనలు తెచ్చింది. అనుమానం ఉన్న స్థలాల వివరాలను జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి నివేదించాలి. కాలుష్య నియంత్రణ మండలి 90 రోజుల్లో ప్రాథమిక పరిశీలన, తర్వాత మరో 3 నెలల్లో సమగ్ర సర్వే పూర్తి చేయించాలి. కాలుష్యం తేలితే ఆ సంగతి జనానికి చెప్పాలి, అక్కడికి రాకపోకలు కట్టడి చేయాలి. శుద్ధి ఖర్చు కాలుష్యానికి కారకులే భరించాలి.

లోపం ఒకటుంది. పరిశీలనకు గడువు పెట్టారు గానీ, ఫలానా తేదీలోగా శుద్ధి ముగించాలన్న గట్టి గడువు లేదు. ఆలస్యం ఎంత ఖరీదైనదో ఉమ్మడి మెదక్ జిల్లా వాళ్లకు చెప్పాల్సిన పని లేదు. పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల కాలుష్యంపై 1990లో సుప్రీంకోర్టుకెక్కిన కేసు దశాబ్దాలు నడిచింది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి గుర్తించిన అత్యంత కలుషిత పారిశ్రామిక ప్రాంతాల్లోనూ ఆ పేర్లున్నాయి.

మీరేం చేయొచ్చు?

• పాత కార్మికులను అడగండి. అద్దకం షెడ్డు, మురుగు కాలువ, బూడిద పోసిన గుంత ఎక్కడుండేవో వాళ్లకే తెలుసు. శాంపిళ్లు తీయాల్సింది అక్కడే.
• ఒక్క చోట పిడికెడు మట్టి తీస్తే చాలదు. చాలా చోట్ల, పైమట్టితో పాటు లోతు నుంచీ తీయించాలి. ఎన్‌ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబ్‌కే ఇవ్వండి.
• బోరు నీటికి టీడీఎస్ చూసి సరిపెట్టుకోవద్దు. భార లోహాల పరీక్ష విడిగా అడగండి. తాగునీటిలో లీటరుకు సీసం 0.01, క్రోమియం 0.05 మిల్లీగ్రాములు దాటకూడదు. నీళ్లు మరిగిస్తే లోహాలు పోవు.
• ఫలితం వచ్చేదాకా ఆ నేలలో ఆకుకూరలు వేయొద్దు. కావాలంటే కుండీల్లో వేరే మట్టి పోసి పెంచుకోండి. చెప్పులు గడప బయటే విడవండి. పిల్లల చేతులు సబ్బుతో కడిగించండి. ఇల్లు పొడిగా ఊడ్చే బదులు తడిగుడ్డతో తుడవండి.
• అనుమానం ఉంటే కలెక్టరేట్‌కు, కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, రసీదు దాచుకోండి.

రిజిస్ట్రేషన్ ఖర్చుతో పోలిస్తే మట్టి పరీక్ష ఖర్చు చిన్నది. బేరం కుదిరాక కాదు, అడ్వాన్సు ఇవ్వకముందే చేయించండి.