రిబ్కాను పిలిచి అడిగారు, మన పిల్లల్ని ఎవరు అడిగారు?

ధ్యాన భాగము: ఆదికాండము 24:50-61



ఈ మధ్య మన ప్రార్థన విన్నపాల్లో ఒక మాట తరచుగా వస్తోంది. "అయ్యగారూ, హైదరాబాదు వదిలేసి మన ఊరు వచ్చేద్దామనుకుంటున్నాం, ప్రార్థన చెయ్యండి." కారణాలు రకరకాలు. ఒక ఇంట్లో ఉద్యోగం పోయింది. ఒక ఇంట్లో అద్దె, స్కూలు ఫీజు, ఈఎంఐ కలిసి జీతాన్ని మించిపోయాయి. ఇంకొక ఇంట్లో ముసలి తల్లిని చూసుకునే దిక్కు లేదు. కరోనా కాలంలో వచ్చి ఇంటి నుంచే పని చేసుకున్నవారు, ఇక్కడే ఉంటే చాలునని అనుకుంటున్నారు. రావడం తప్పని మేము అనము. రండి, మీ కోసం ఈ ఊరు ఉంది, ఈ సంఘం ఉంది.

కాని మేము ఎదురు మాట్లాడవలసింది వేరొక మాటతో. "పిల్లలేమన్నారు?" అని మేము అడుగుతాము. అప్పుడు వచ్చే జవాబు ఇది: "వాళ్లదేముందండీ, దేవుడు పొమ్మన్నాడు, వెళ్తున్నాం అని చెప్పేశాం." తొమ్మిదో తరగతి చదివే అమ్మాయికి, పదో తరగతి చదివే అబ్బాయికి ఇల్లు మారే సంగతి అట్టపెట్టెలు వచ్చిన రోజున తెలుస్తోంది. ఫ్రిజ్‌కు ఎన్ని దుప్పట్లు చుట్టాలో ఇద్దరు కూర్చుని మాట్లాడుకుంటారు. పిల్లవాడితో మాట్లాడటానికి మాత్రం ఒక సాయంత్రం దొరకదు.

ఈ పద్ధతి వాక్యానుసారం కాదని మేము స్పష్టంగా చెప్పుచున్నాము.

లేఖనం చూడండి. అబ్రాహాము దాసుడు నాహోరు పట్టణానికి వచ్చి బావి దగ్గర జరిగినదంతా చెప్పాడు. లాబాను, బెతూయేలు విని, ఇది యెహోవావలన కలిగిన కార్యమని ఒప్పుకున్నారు (24:50). పెద్దలు ఒప్పుకున్నారు, కానుకలు ఇచ్చిపుచ్చుకున్నారు, భోజనాలు కూడా అయిపోయాయి. మన ఇళ్లలో అయితే కథ అక్కడితో ముగిసేది. బైబిలులో ముగియలేదు. తెల్లవారి దాసుడు వెంటనే బయలుదేరతానన్నాడు. తల్లి, అన్న పదిదినాలైనా ఉండనివ్వమన్నారు. మాట తేలలేదు. అప్పుడు ఏం చేశారు? అమ్మాయిని పిలిచారు, అడిగారు. ఆమె వెళ్తానంది, పంపించారు (24:57, 58).

గమనించండి ప్రియులారా. దేవుని చిత్తమేమిటో తెలిసిన తరువాత కూడా ఆమెను అడిగారు. అడిగింది ఒక పెద్ద సిద్ధాంతం గురించి కూడా కాదు, ఇప్పుడా, పది రోజుల తరువాతా అని. నాలుగు వేల ఏళ్ల నాటి మెసొపొతమియ గృహంలో ఒక ఆడపిల్లకు దొరికిన ఆ పాటి మర్యాద, స్మార్ట్‌ఫోన్లు ఉన్న మన గృహాల్లో మన పిల్లలకు దొరకడం లేదు.

"అడిగితే వద్దంటారండీ" అంటారు కొందరు. అనవచ్చు. అడగడమంటే వాళ్ల చేత ఓట్లు వేయించడం కాదు. నిర్ణయం తల్లిదండ్రులదే, ఎఫెసీయులకు 6:1 అక్కడే ఉంది, ఎక్కడికీ పోదు. కాని ఆ మొదటి వచనాన్ని గోడకు తగిలించి నాలుగో వచనాన్ని మడిచి దాచేవారితో మాకు వాదముంది. తండ్రులు పిల్లలకు కోపం రేపకూడదని పౌలు అక్కడ రాశాడు. కొలొస్సయులకు 3:21లో ఇంకొక అడుగు వేసి, వాళ్ల మనసు కుంగిపోకుండా చూడమన్నాడు. వద్దన్న పిల్లవాడి మాట పూర్తిగా విని, తరువాత "అయినా వెళ్లాలి నాన్నా, ఎందుకంటే ఇదీ సంగతి" అని చెప్పిన తండ్రిమీద కోపం వస్తుంది, కొన్నాళ్లకు తగ్గుతుంది. అసలు వినని తండ్రిమీద వచ్చిన కోపం తొందరగా తగ్గదు. అది ఆ తండ్రి పేరు చెప్పిన దేవుని మీదికి కూడా పోతుంది.

అదే మా అసలు భయం. ఈఎంఐ కట్టలేక వస్తూ "దేవుడు పిలిచాడు" అని చెబితే పిల్లలకు తెలియదనుకుంటున్నారా? పక్క గదిలో పడుకుని అమ్మానాన్నల మాటలన్నీ వింటూనే ఉంటారు. బ్యాంకు నుంచి ఫోను వస్తే నాన్న బాల్కనీలోకి వెళ్లడం చూస్తూనే ఉంటారు. వాళ్లకు కారణం తెలుసు. మీరు చెప్పిన కారణం అది కాదనీ తెలుసు. అప్పుడు ఆ పిల్లవాడు నేర్చుకునేది ఏమిటంటే, పెద్దవాళ్లు చెప్పలేని సంగతులకు కప్పే మూత పేరు దేవుడు అని. నిర్గమకాండము 20:7లోని ఆజ్ఞ బజారులో ఒట్లు వేసేవారికే కాదు, ఇంట్లో లెక్క దాచడానికి ఆయన నామాన్ని వాడేవారికి కూడా వర్తిస్తుంది. దేవుడు నిజంగానే నడిపించి ఉండవచ్చు. ఉద్యోగం పోవడం ద్వారా కూడా ఆయన నడిపిస్తాడు. అలాగైతే ఉద్యోగం పోయిందని కూడా చెప్పండి.

మిషనెరీల కథలు మనకు ఇష్టం. విలియం కేరీ గారు 1793లో ఇంగ్లాండు నుండి బెంగాలుకు ఓడ ఎక్కారని చెబుతూ ఉంటాము. ఆయన భార్య డొరోతి అమ్మగారి సంగతి మాత్రం ఎక్కువమంది చెప్పరు. ఆమె మొదట రానన్నారు. ఓడ ఆలస్యమయ్యేసరికి మళ్లీ వెళ్లి నచ్చజెబితే, చెల్లెలు తోడు వస్తేనే అని బయలుదేరారు. మరుసటి ఏడు 1794లో ఐదేళ్ల కుమారుడు పీటర్ చనిపోయాడు. ఆ తల్లి మనసు చెదిరింది, 1807లో ఆమె చనిపోయేవరకు బాగుపడలేదు. కేరీ గారి సేవను మేము తక్కువ చేయము. కాని పిలుపు ఒకరిదై, మూల్యం ఇంటిల్లిపాదిదైనప్పుడు ఏమి జరుగుతుందో ఆ కథలో ఉంది. దానిని సగమే చెప్పడం న్యాయం కాదు.

ఇక లోకపు లెక్క ఒకటి. అది కూడా ఆత్మీయ విషయమే, ఎందుకంటే అది పిల్లవాడి జీవితం. వాళ్లు ఒక రాష్ట్రం నుండి ఇంకొక రాష్ట్రానికి వస్తున్నారు. 2014 జూన్ 2 నుంచి పదేళ్లపాటు రెండు రాష్ట్రాలకూ ఉమ్మడి ప్రవేశాలు ఉండేవి. ఆ గడువు 2024 జూన్ 2తో అయిపోయింది. ఇప్పుడు మన రాష్ట్రంలో ఇంజనీరింగు వంటి కోర్సుల్లో 85 శాతం సీట్లు లోకల్ వారికి. లోకల్ అనిపించుకోవాలంటే సాధారణంగా ఇంటర్‌తో ముగిసే వరుస 4 ఏళ్లు ఇక్కడే చదివి ఉండాలి. అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. తెలంగాణలోనూ లెక్క అటువంటిదే. పదో తరగతి అక్కడ రాయించి, ఇంటర్‌కు ఇక్కడికి తెచ్చారనుకోండి. రెండేళ్లు అక్కడ, రెండేళ్లు ఇక్కడ. ఆ బిడ్డ అక్కడా లోకల్ కాకుండా, ఇక్కడా లోకల్ కాకుండా మిగిలిపోవచ్చు. తల్లిదండ్రుల నివాసాన్ని, ఉద్యోగాన్ని బట్టి కొన్ని వెసులుబాట్లు ఉన్నాయి. ఆ ఏటి నోటిఫికేషను తెచ్చుకుని చదవండి, కాలేజీ వారిని అడగండి. రిబ్కాను అడిగిన ప్రశ్న "ఎప్పుడు?" అన్నదే. తొమ్మిదో తరగతికి ముందా, ఇంటర్ అయ్యాకా అన్నది సామాన్ల వ్యాను ఖాళీని బట్టి తేల్చే సంగతి కాదు.

"అయితే పిల్లల్ని అక్కడే హాస్టల్లో వదిలి మేమిద్దరం వస్తాం" అనేవారూ ఉన్నారు. దీనికి మనం కళ్లారా చూసిన ఉదాహరణ ఉంది. 2016లో మన సచివాలయం హైదరాబాదు నుండి వెలగపూడికి వచ్చింది. ఉద్యోగులకు వారానికి ఐదు రోజుల పని పెట్టారు. పిల్లల చదువు కోసమని ఎంతోమంది కుటుంబాలను అక్కడే ఉంచి, శుక్రవారం సాయంత్రం రైలెక్కి, సోమవారం ఉదయానికి తిరిగి వచ్చారు. వాళ్లను మేము నిందించము. ప్రభుత్వం వెళ్లమంది, వెళ్లారు. కాని ఒకటి రెండేళ్లు సర్దుకుందామనుకున్న ఏర్పాటు చాలా ఇళ్లలో పిల్లల యవ్వనకాలమంతా సాగింది. నిర్గమకాండము 10లో ఫరో మోషేతో ఇటువంటి బేరమే ఆడాడు. పురుషులు వెళ్లండి, పిల్లలు ఇక్కడ ఉండాలన్నాడు. మోషే ఒప్పుకోలేదు. చిన్నవారితో, పెద్దవారితో, కొడుకులతో, కూతుళ్లతో వెళ్తామన్నాడు. తప్పనిసరి పరిస్థితి వేరు. సుళువుగా ఉంటుందని ఇంటిని రెండు ముక్కలు చేయకండి. కలిసి రండి, లేదా కలిసి ఆగండి.

ఇప్పుడు సంఘంవైపు తిరుగుతాము. ఇంతవరకు తలలూపినవారు ఇది కూడా వినాలి.

నయోమి బేత్లెహేముకు తిరిగివచ్చినప్పుడు ఊరంతా గుసగుసలాడింది. ఈమె నయోమియేనా అన్నారు. ఆమెకు అప్పటికే చేదు నిండిన మనసు. మన పెద్దాపురంలోనూ ఆ గుసగుస ఉంది. "పట్నంలో నిలవలేకపోయారు, వచ్చేశారు." ఈ మాట చర్చి మెట్ల మీద, చెప్పులు వేసుకుంటూ అంటారు. పెద్దలు విననట్టు వెళ్లిపోతారు. వారి వెనుక నడిచే పదిహేనేళ్ల పిల్లవాడు వింటాడు. వాడు అప్పటికే స్నేహితులను పోగొట్టుకుని వచ్చాడు. ఇప్పుడు నాన్న గౌరవం కూడా పోయిందని తెలుసుకుంటాడు. సహోదరులారా, మీ మాట ఎక్కడ పడుతుందో చూసుకోండి.

ఇంకొకటి. పట్నంలో ఇంగ్లీషులో చదువుకున్న పిల్లలకు తెలుగు బైబిలు గబగబా చదవడం రాదు. యవ్వనస్థుల కూడికలో వంతు ఇచ్చి, తడబడితే నవ్వుతున్నాము. పక్కన కూర్చుని వేలు పెట్టి చదివించేవారు ఒక్కరున్నా, ఆరు నెలల్లో ఆ బిడ్డ మనకు లేఖన భాగం చదివి వినిపిస్తుంది. కేరీ గారి కథలోనే దీనికి మేలైన మాదిరి ఉంది. తల్లి అనారోగ్యం, తండ్రి పని మధ్య ఆయన కొడుకులు పట్టించుకునేవారు లేక పెరిగారు. 1800లో సీరాంపూరులో చేరిన తరువాత విలియం వార్డ్ గారు, హన్నా మార్ష్‌మన్ అమ్మగారు ఆ పిల్లలను చేరదీశారు. పెద్దవాడు ఫెలిక్స్ తండ్రి పనిలో పాలుపొందేవాడయ్యాడు. తల్లిదండ్రులు చేయలేకపోయినది సంఘంలో ఇద్దరు పెద్దలు చేశారు. మనలో అటువంటి ఇద్దరు లేరా?

మన ఊరు తక్కువదని మేము ఒప్పుకోము. నవోదయ విద్యాలయం, మహారాణి కళాశాల ఇక్కడ ఉన్నాయి. దగ్గరలో సూరంపాలెం ఇంజనీరింగు కాలేజీలు, కాకినాడలో జేఎన్‌టీయూ, రంగరాయ వైద్య కళాశాల ఉన్నాయి. సామర్లకోటలో రైలెక్కితే తెల్లారేసరికి హైదరాబాదు. కాని పిల్లలకు ఈ పట్టిక చదివి వినిపించి సరిపెట్టకండి. వాళ్లు పోగొట్టుకునేది కాలేజీని కాదు. సాయంత్రం ఆరింటికి కింద నుంచి పేరు పెట్టి పిలిచే స్నేహితుణ్ణి. ఆ నష్టం నిజమైనది. దానికి ఏడవనివ్వండి. లాజరు సమాధి దగ్గర ప్రభువు కన్నీళ్లు విడిచాడు. కాసేపట్లో అతణ్ణి లేపబోతున్నానని తెలిసి కూడా విడిచాడు.

కాబట్టి రాబోయే కుటుంబాలకు మా మాట ఇది. టీసీ అడగకముందే పిల్లల్ని కూర్చోబెట్టండి. డబ్బు సంగతి, ఉద్యోగం సంగతి, నానమ్మ సంగతి ఉన్నదున్నట్టు చెప్పండి. ఏది తేలిపోయింది, ఏది ఇంకా వాళ్లతో కలిసి తేల్చవచ్చు, రెండూ చెప్పండి. ఎప్పుడు రావాలి, ఏ స్కూలు, ఏ గది, సెలవుల్లో ఎన్నిసార్లు అక్కడికి వెళ్లి రావచ్చు, ఇవన్నీ అడగదగినవే. తరువాత మాకు ప్రార్థన విన్నపం పంపండి. మేము ఎలాగూ మొదట "పిల్లలేమన్నారు?" అనే అడుగుతాము.

రిబ్కా ఇల్లు విడిచి వెళ్లేటప్పుడు ఆమెను పెంచిన దాదిని కూడా తోడు పంపించారు, దీవించి పంపించారు (24:59, 60). అడగబడిన పిల్ల, తోడు దొరికిన పిల్ల, దీవెన పొందిన పిల్ల ఎంత దూరమైనా ఒంటె ఎక్కుతుంది. మన బిడ్డలకు కూడా ఆ మూడూ దొరికేటట్లు ప్రభువు మన గృహములకు, మన సంఘమునకు సహాయము చేయును గాక. ఆమేన్.