మణికట్టులో నలిగే నరం

ధర్మవరంలో పట్టుచీర నేసే చెయ్యి, బుక్కపట్నం పల్లెల్లో విత్తనానికి వేరుశనగ కాయలు ఒలిచే చెయ్యి... రెండింటికీ రోజంతా వేళ్లతోనే పని. అర్ధరాత్రి తిమ్మిరెక్కి మెలకువ వస్తే ‘వాతంలే’ అనుకుని, చెయ్యి విదిలించి మళ్లీ పడుకుంటారు. అది కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ కావచ్చు.

మణికట్టు ఎముకలకూ, వాటిపైనున్న గట్టి పట్టీకీ మధ్య ఓ ఇరుకు సొరంగం ఉంటుంది. అందులోంచి వేళ్లను ముడిచే తొమ్మిది స్నాయుబంధాలు, మీడియన్ నరం వెళ్తాయి. వాపొస్తే నలిగేది నరమే. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరం వేలిలో సగం మొద్దుబారతాయి. చిటికెనవేలికి వెళ్లే అల్నార్ నరం దారి వేరు కాబట్టి అది సాధారణంగా బాగానే ఉంటుంది.

అయితే అందరి చేతులూ పాఠ్యపుస్తకంలో బొమ్మలా ఉండవు. కొందరిలో మీడియన్ నరం రెండు పాయలుగా ఉంటుంది. కొందరికి ముంజేతిలో ఈ రెండు నరాలనూ కలిపే ‘మార్టిన్-గ్రూబర్’ వంతెన ఉంటుంది. దానివల్ల నరాల పరీక్ష ఫలితాలు తికమక పెట్టొచ్చు. అరచేతిలో అలాంటి కలయిక ఉంటే, మీడియన్ నరం బాగా దెబ్బతిన్నా బొటనవేలి బలం తగ్గకపోవచ్చు. బొటనవేలి కండరాలకు వెళ్లే కొమ్మ కొందరిలో పట్టీని చీల్చుకునే వెళ్తుంది. అందుకే ఆపరేషన్‌లో పట్టీని కోసేటప్పుడు సర్జన్ దాన్ని కనిపెట్టుకుని ఉండాలి.

మొదట్లోనే అయితే రాత్రిపూట మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకుంటే చాలామందికి ఉపశమనం ఉంటుంది. మధుమేహం, థైరాయిడ్ పరీక్షలూ అవసరమే. బొటనవేలి మొదట్లో కండ తగ్గినా, చేతిలో వస్తువులు జారిపోతున్నా ఆలస్యం చేయొద్దు. కండ పూర్తిగా కరిగాక ఆపరేషన్ చేసినా పాత పట్టు తిరిగి రాకపోవచ్చు. చేతిపనే జీవనాధారమైన ఇంటికి అది చిన్న నష్టం కాదు.