నోటిమాట కొలువులతో మూగజీవాలకూ ముప్పే

పెంపుడు జంతువుల క్లినిక్‌లో డాక్టరు సూది వేసే క్షణంలో కుక్క మెడను, మూతిని ఒడిసిపట్టి నిలబడేది సహాయకుడే. ఆ పట్టు సడలితే కాటు పడేది మొదట అతనికే. ఇంత కీలకమైన మనిషి చాలాచోట్ల నోటిమాట మీద చేరుతున్నాడు, నోటిమాటతోనే వీధిన పడుతున్నాడు. ఈ పద్ధతి అతనికీ, డాక్టరుకూ, జంతువుకూ నష్టమే.

పొరపాటు చేర్చుకునేటప్పుడే మొదలవుతోంది. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం వైద్యం చేసే అధికారం రిజిస్టరైన పశువైద్యులదే. పశుసంవర్ధక డిప్లొమా, సర్టిఫికెట్ ఉన్నవారు ప్రభుత్వం అనుమతిస్తే డాక్టరు పర్యవేక్షణలో టీకాలు వేయడం, కట్లు కట్టడం వంటి చిన్న సేవలు అందించవచ్చు. జంతువును పట్టుకోవడానికని చేర్చుకున్న కుర్రాడి చేతికి రద్దీ పెరగ్గానే సిరంజి ఇవ్వడం ఆ గీత దాటడమే. ఎవరు ఏ పని చేయాలో, ఏది చేయకూడదో చేరిన రోజే కాగితం మీద రాసివ్వాలి.

పనిలో పెట్టుకున్నాక కాపాడుకోవాల్సిన బాధ్యతా యజమానిదే. లక్షణాలు బయటపడ్డాక రేబిస్ దాదాపుగా ప్రాణాంతకం. కాటు పడకముందే 0, 7వ రోజుల్లో, ఆపై 21 లేదా 28వ రోజున ఇచ్చే మూడు డోసుల టీకా సిబ్బంది అందరికీ క్లినిక్ ఖర్చుతోనే వేయించాలి. పడిన ప్రతి కాటూ, గోటి గాయమూ రిజిస్టరులో ఎక్కాలి. తిట్లకు భయపడి గాయాన్ని దాచుకునే వాతావరణం ప్రాణం మీదికి తెస్తుంది.

తొలగింపు దగ్గరే అసలు చిక్కు. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ అమల్లో ఉన్న 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం 47వ సెక్షన్ ఈ విషయంలో స్పష్టంగా ఉంది. ఆరు నెలలు నిరంతరాయంగా పనిచేసిన ఉద్యోగిని పంపాలంటే సహేతుక కారణం ఉండాలి, నెల ముందు రాతపూర్వక నోటీసు గానీ, ఆ నెల వేతనం గానీ ఇవ్వాలి. ఏడాది నిండినవారికి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం కూడా దక్కాలి. దుష్ప్రవర్తన విచారణలో సాక్ష్యాలతో రుజువైతే నోటీసు అక్కర్లేదు. కోపమొచ్చిన పూట ‘రేపటి నుంచి రావద్దు’ అనేయడానికి ఇందులో చోటు లేదు.

నలుగురు పనిచేసే చోట ఇన్ని కాగితాలెందుకని కొందరు డాక్టర్లు అడుగుతారు. జంతువును కొట్టినవాణ్ని, కెటమిన్ వంటి మత్తుమందు లెక్క తప్పించినవాణ్ని ఒక్కరోజు కూడా ఉంచకూడదు, నిజమే. అయితే హెచ్చరికలు, వివరణలు, మందుల రిజిస్టరు లేని యజమాని ఆ తప్పును ఏ అధికారి ముందు రుజువు చేయగలడు? చిన్న క్లినిక్‌లో తొలగింపు వివాదం డాక్టరు ఒక్కరి మీదే పడుతుంది కాబట్టి, ఈ రాతకోతల అవసరం అక్కడే ఎక్కువ.

పశువైద్య కళాశాలలు శస్త్రచికిత్సతో సమానంగా సిబ్బంది నిర్వహణనూ నేర్పాలి. డాక్టర్ల సంఘాలు నియామక పత్రం, హెచ్చరిక లేఖ, తుది లెక్కల నమూనాలను తెలుగులో సిద్ధం చేసి ప్రతి క్లినిక్‌కూ అందించాలి. ఆ పని ఏ కొత్త చట్టం కోసమూ ఆగనక్కర్లేదు.